ఒడ్డు మామయ్య విశ్రాంతి పాఠాలు

మా ఆవిడ రిటైరైన వారంలోనే నేను ఇంట్లో ఒక బడి పెట్టాను. విద్యార్థిని ఒక్కతే, మా ఆవిడ. నేర్పే విద్య కూడా ఒక్కటే, ఏమీ చెయ్యకుండా ఉండడం.

నవ్వకండి. ఆ విద్యలో నాకున్నంత అనుభవం మన వీధిలో ఇంకెవరికుందో చెప్పండి చూద్దాం. కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటరు వెనక ఏళ్ళ తరబడి కూర్చుని, వచ్చినవాడికల్లా "రేపు మనిషిని పంపిస్తాం" అని చెప్పి పంపించినవాణ్ణి. మూడేళ్ళ కిందట రిటైరయ్యాక ఆ మాట చెప్పే శ్రమ కూడా తప్పింది. పొద్దున తొమ్మిదింటికి లేస్తాను. లేచిన అలసట తీరడానికి కాసేపు పడుకుంటాను.

మా ఆవిడ సంగతి మీకు తెలిసిందే. ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పి నేర్పి జుట్టు నెరిసింది. నీళ్ళలో మూతి పెట్టి బుడగలు వదలడం ఆవిడ దగ్గర తొలి పాఠం కనక ఊరంతా 'బుడగల టీచర్' అంటారు. ఇవాళ ఊళ్ళో పెద్దమనుషులమని తిరిగేవాళ్ళలో సగం మంది ఆవిడ ముందు ముక్కులోకి నీళ్ళు పోయి ఏడ్చినవాళ్ళే. ఆ పళ్ళ డాక్టరున్నాడు చూడండి, ఈవిడని నోరు తెరవమనడానికి ఇప్పటికీ జంకుతాడు.

ఆ పిల్లలే నాకు 'ఒడ్డు మామయ్య' అని పేరు పెట్టారు. ఆఫీసు అవగానే వెళ్ళి, ఆవిడ పని అయ్యేదాకా కొలను పక్కన బెంచీ మీద కూర్చునేవాణ్ణి. పక్కన అంటే మరీ పక్కన కాదు. నాకు ఈత రాదు. స్నానం చేసేటప్పుడు కూడా బకెట్టు మీద ఓ కన్నేసి ఉంచుతాను.

వీడ్కోలు రోజున పిల్లలందరూ వరసగా కొలనులో నిలబడి ఒక్కసారి బుడగలు వదిలారు. కొలనంతా పొయ్యి మీద పెట్టినట్టు కుతకుతలాడింది. మా ఆవిడ ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. నేను పైకి ఓదారుస్తూనే ఉన్నాను గానీ, లోపల మాత్రం గంతులేశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ చీకటుండగానే వెళ్ళిపోయే మనిషి. తల సరిగ్గా ఆరి ఉండగా ఆవిణ్ణి చూసిందే తక్కువ. ఇక నా పెళ్ళాం నా ఇంట్లో నా కళ్ళ ముందు ఉంటుంది కదా అని సంబరపడ్డాను. వేళకి వేడి టీ కూడా దొరుకుతుందనుకోండి, అది వేరే విషయం.

ఆ సంబరం ఒక్క రోజే. మర్నాడే టైల్సాయన దిగాడు.

ఊరవతల కొత్త ఈతకొలను కట్టిన ఆసామి ఇతను. ఏ మాట మొదలుపెట్టినా తన కొలనులో పరిచిన నీలం టైల్సు దగ్గరే ఆగుతాడు. వచ్చీ రాగానే మా ఆవిడ చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

"టీచర్‌గారూ, ఒకటో తారీఖు నుంచి మీరు మా దగ్గరికి రావాలి. పొద్దునా సాయంత్రమూ. ప్రారంభోత్సవం ఇంకా కాకపోయినా కొంతమంది పిల్లల్ని చేర్చుకున్నాం, మా కుర్ర టీచర్లు నీళ్ళలోకి దిగగానే వాళ్ళు ఏడుస్తున్నారు. పిల్లలేడుస్తుంటే చూడలేక మా టీచర్లూ ఏడుస్తున్నారు. అంత మంచి టైల్సు పెట్టుకుని ఏం లాభం చెప్పండి!"

మా ఆవిడ అతన్ని గేటుదాకా సాగనంపి వచ్చింది. నేను గుమ్మంలోనే ఎదురెళ్ళాను.

"ఏమన్నావే?" అన్నాను.

"ఏమంటాను? ఇంట్లో కూర్చుంటే నాకేం తోస్తుంది చెప్పండి. చూద్దాం, ఒకటో తారీఖు ఇంకా దూరముందిగా."

చూశారా! రిటైరైనా మళ్ళీ పొద్దునా సాయంత్రమూ పోతుందట ఈ మనిషి. ఏదో ఒకటి చెయ్యకపోతే ఆవిణ్ణి నేను ఫొటోలోనే చూసుకోవాలి.

అప్పుడు తట్టింది నాకా ఆలోచన. ఈవిడకి ఖాళీగా ఉండడం చేతకాదు కనక కదా ఆ కొలను వైపు చూస్తోంది! నీళ్ళంటే భయపడే పిల్లలకి ఈవిడ ఈత నేర్పినట్టు, ఖాళీ అంటే భయపడే ఈవిడకి నేను విశ్రాంతి నేర్పిస్తే? మూడు వీధుల అవతల ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

"అమ్మకి నువ్వు పాఠాలు చెప్తావా నాన్నా?"

"చెప్తాను."

"ఖాళీగా ఉండడం ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?"

"ఎవరి దగ్గరా కాదమ్మా, స్వయంకృషి."

అవతల నవ్వు వినపడింది. పిల్లకి నా మీద ఎంత అభిమానమో అనుకున్నాను.

బెంచీ మీద అన్నేళ్ళు కూర్చోవడం వృథా పోలేదు. మా ఆవిడ పద్ధతి నాకు అక్షరాలా తెలుసు. మొదట పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళు మాత్రం నీళ్ళలో పెట్టిస్తుంది. తర్వాత బుడగలు. ఆ తర్వాత గోడ పట్టుకోవడం. చివర వెల్లకిలా తేలడం. కోప్పడదు, తొయ్యదు, తొందరపెట్టదు. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఇంకొకటి ఉంది. 'భయం పోయేదాకా బరువంతా టీచరే మొయ్యాలి' అనేది. కొత్తగా వచ్చిన టీచర్లకి ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ సూత్రాన్ని నేను మా ఇంటికి అన్వయించాను. అక్కడే కొంప మునిగింది.

మొదటి పాఠం మంచం మీద. చీకటుండగానే ఆవిడ లేవబోయింది. నేను కళ్ళు సగం తెరిచి చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు. గట్టు మీద కూర్చున్నట్టు మంచం అంచున కూర్చో చాలు. లేవకూడదు."

"కాళ్ళు లాగేస్తున్నాయండీ. పొయ్యి పిలుస్తున్నట్టుంది."

"పిలవనీ. కొంపలేం మునిగిపోవు."

"ఎవరో ఒకరు పొయ్యి వెలిగిస్తే గానీ నా మనసు కుదుటపడదు. లేదా ఆ టైల్సాయనకి సరేనని చెప్పేస్తాను, ఏ బాధా ఉండదు."

దెబ్బకి మంచం దిగాను. భయం పోయేదాకా బరువంతా టీచరుదే కదా!

మా వంటింట్లో పొయ్యి ఎక్కడుందో నాకు తెలుసు. అంతవరకే తెలుసు. టీ పొడి ఎక్కడుందని అడిగాను. మా ఆవిడ మంచం మీంచే జవాబు చెప్పింది. కొలను దగ్గర అవతలి గట్టుకి వినపడేలా మాట్లాడి అలవాటైన గొంతు అది. పక్కింటాయన కిటికీ తెరిచి "పై అరలో ఎర్ర డబ్బాలోనటండీ!" అని నాకు చెప్పాడు.

పాలు పొంగాయి. పొయ్యి ఆరింది. రెండోసారి పెట్టినప్పుడు పాలు నిలిచాయి గానీ నేను నిలవలేదు, చెయ్యి కాలింది. మొత్తానికి టీ మంచం దగ్గరికి చేరింది.

ఆవిడ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉంది?"

"కాస్త భయం తగ్గినట్టే ఉందండీ," అంది.

నేను ఉప్పొంగిపోయాను. తొలి పాఠానికే ఫలితం కనిపిస్తే ఏ మాస్టారు మాత్రం ఉప్పొంగడు?

రెండో పాఠం కిటికీ దగ్గర. కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"ఇప్పుడు బయటికి చూడు."

"ఏం చూడాలి?"

"ఏదీ చూడకూడదు. ఊరికే చూడాలి."

మనం రోజూ చేసే పనే, ఎంత కష్టమో ఆవిణ్ణి చూశాకే తెలిసింది. మెడలో ఈల ఇంకా తీయలేదు. వీధిలో నడిచే తలల్ని లెక్కపెడుతోంది. అప్పుడే వాన వెలిసిందేమో, ఒక పెద్దమనిషి బస్సు కోసం పరుగందుకున్నాడు. అంతే, ఈల మోగింది. "ఏయ్! తడి నేల మీద పరిగెత్తకూడదు!" ఆయన బస్సు వదిలేసుకుని బుద్ధిగా నడిచాడు. తర్వాత తెలిసింది, ఆయనా ఒకప్పుడు బుడగలు వదిలినవాడేనట.

"చూశారా, నా వల్ల కావడం లేదు," అని నిట్టూర్చింది. "గిన్నెలు కడగలేదన్న ధ్యాసే అటూ ఇటూ చూడనివ్వడం లేదు."

గిన్నెలు నేను కడిగాను.

"అయ్యో, నీళ్ళలో చేతులు పెట్టారే!" అంది గుమ్మంలోంచి. "మోచేతులదాకా! భయం వెయ్యలేదా?"

"వేసింది. నీ కోసం ఓర్చుకున్నాను."

"ఆ మూకుడు అడుగున కూడా కాస్త ఓర్చుకోండి, మాడు పోలేదు."

ఇలా ఒక్కో పాఠం అవుతోంది, ఒక్కో పని నా చేతిలోకి వస్తోంది. సోఫాలో పుస్తకం చదవమంటే, మాసిన కర్టెన్లు కనిపిస్తుంటే అక్షరాలు కనిపించడం లేదంది. కర్టెన్లు నేను విప్పాను. మధ్యాహ్నం కునుకు తియ్యమంటే, రాత్రికి కూర ఏమిటో తేలకపోతే రెప్ప పడదంది. బంగాళాదుంపలు నేను తరిగాను. నేను తరిగిన ముక్కల్ని చూసి మా అమ్మాయి "ఇవి దుంపలా, పేపరు మీద పెట్టుకునే బరువులా?" అంది. దానికి నాలిక ఎక్కువ. వాళ్ళమ్మ పోలిక.

తేలే పాఠం వచ్చింది. మా ఆవిడ సోఫాలో వెల్లకిలా పడుకుంది.

"మీరు ఇక్కడే ఉంటారుగా?"

"ఉంటాను."

"వదిలేసి పోరుగా?"

"పోను."

వంటింట్లో కూర కలుపుతూ నేను మధ్యమధ్య "ఉన్నాను, ఉన్నాను" అని కేక వేస్తున్నాను. ఆవిడ గురక పెడుతోంది. ఆ గురక నా చెవులకి ఎంత ఇంపుగా ఉందనుకున్నారు! చేతులు కాలి, వేళ్ళు తెగి, నడుం పట్టేసి ఉన్నా, పాఠం ఎక్కుతోందని నాకు పట్టలేని సంతోషం.

అయినా సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ మొదటికే వచ్చేది. టీ తాగుతూ తాగుతూ సగంలో ఆగి, ఎటో చూస్తూ, "పాపం, ఆ కొత్త కొలనులో పిల్లలు ఏడుస్తున్నారట," అనేది. ఆ మాటతో నేను నీరుగారిపోయేవాణ్ణి. మర్నాడు ఇంకో గంట ముందు లేచి ఇల్లు కూడా తుడిచేవాణ్ణి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క ఫిర్యాదు కూడా పరిష్కరించని మనిషిని, ఆవిడ నోట ఫిర్యాదు రాకముందే పరిష్కరించడం మొదలుపెట్టాను. మా పాత ఆఫీసువాళ్ళు చూస్తే మూర్ఛపోదురు.

ఒకటో తారీఖు దగ్గర పడింది. నాకు కంగారెక్కువైంది. ఇల్లంతా ఒక్క పనీ కనపడకుండా చేస్తే తప్ప ఈవిడ మనసు ఇంట్లో నిలవదు అనిపించింది. ఆ రోజు పొద్దున్నే మాసిన బట్టలు, కర్టెన్లు, దుప్పట్లు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు అన్నీ ఒకేసారి వాషింగ్ మెషీన్‌లో కుక్కాను. సబ్బు పొడి ఎంత వెయ్యాలో అడిగితే ఆవిడకి నిద్రాభంగం. ఎక్కువైతే ఇంకా శుభ్రమవుతాయి కదా అని పాకెట్టంతా పోశాను. నీళ్ళు బయటికి పోయే గొట్టాన్ని తూములో పెట్టాలన్న సంగతి ఆ మెషీనైనా నాకు చెప్పలేదు.

నేను వంటింట్లో గుడ్డు కొడుతున్నాను. వెనక నుంచి ఏదో మెత్తగా కాళ్ళని తాకింది. తిరిగి చూస్తే నురగ. గడప దాటి తెల్లగా, నిదానంగా, పిలవని చుట్టంలా లోపలికి వస్తోంది. దాని కింద నీళ్ళు. మెషీన్ ఆపుదామని ఒక్కడుగు వేశాను. రెండో అడుగు నేను వెయ్యలేదు, అదే పడింది. వెల్లకిలా పడి, లేవబోయి, మళ్ళీ జారి నురగలో కూర్చుండిపోయాను. గడ్డందాకా నురగ.

"మునిగిపోతున్నానే!" అని కేక పెట్టాను.

గుమ్మంలో ఈల మోగింది. మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ నిలబడడం నేను బెంచీ మీంచి కొన్ని వేలసార్లు చూశాను.

"అరవకండి. ఊపిరి పీల్చండి. కాళ్ళు కింద పెట్టండి, నేల అందుతుంది."

"అందడం లేదే!"

"మీరు నేల మీదే కూర్చున్నారండీ. అందక ఎక్కడికి పోతుంది?"

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తట్టి టైల్సాయన లోపలికొచ్చాడు. వెనకే మా అమ్మాయి కూడా. నురగ ఇద్దరి చెప్పుల్నీ పలకరించింది. ఆయన ముందు నన్ను చూడలేదు, గచ్చు చూశాడు.

"ఇదే మా టైల్సయితే జారేవారు కాదండీ," అన్నాడు బాధగా. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "టీచర్‌గారూ, ఎల్లుండి మా కొలను ప్రారంభం. మీరు ఉద్యోగానికి ఎలాగూ రానన్నారు, కనీసం రిబ్బను కత్తిరించడానికైనా రావాలి," అన్నాడు.

నేను నురగలోంచి తల పైకెత్తాను.

"రానందా? ఎప్పుడు?"

"మొదటి రోజేనండీ, గేటు దగ్గర. నేను మాట పూర్తి కూడా చెయ్యలేదు. 'ఇన్నేళ్ళు తడిసింది చాలు నాయనా, ఇంక నన్ను ఆరనివ్వు' అన్నారు."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ మా అమ్మాయి వైపు చూసింది. మా అమ్మాయి పైకప్పు వైపు చూసింది. అప్పుడర్థమైంది ఆ రోజు ఫోన్‌లో నవ్వెందుకో.

టైల్సాయన వెళ్ళాడు. అమ్మాయి చీపురు తెస్తానని పెరట్లోకి వెళ్ళి ఎంతకీ తిరిగిరాలేదు. నేను లేవకుండా అక్కడే కూర్చుని విచారణ మొదలుపెట్టాను.

"అయితే నీకు విశ్రాంతి ఎప్పుడొచ్చింది?"

"మంచం దగ్గరికి టీ వచ్చిన రోజే వచ్చేసిందండీ. తర్వాతదంతా సాధన."

"మరి కిటికీ దగ్గర ఆ నిట్టూర్పులు?"

"మీరు అంత కష్టపడి నేర్పుతుంటే వెంటనే వచ్చేసిందంటే బాధపడతారని."

"రోజూ ఆ టైల్సాయన ఊసెందుకెత్తావ్?"

"ఎత్తకపోతే మీరు మంచం దిగేవారా?"

నేను నీళ్ళు నమిలాను. కావలసినన్ని ఉన్నాయి కూడా.

"ఇంటెడు పనీ నా చేత చేయించి నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించావు గదే!"

"పని కోసమని కాదండీ," అంది. గొంతులో పరిహాసం పోయింది. తడిలోనే నా పక్కన చతికిలబడింది. "నేను చీకటితో లేచే మనిషిని. మీరు తొమ్మిదింటికి గానీ కళ్ళు తెరవరు. ఉద్యోగముంది కనక వెళ్ళిపోయేదాన్ని. అది కూడా లేకపోతే, ఆ కాసిని గంటలూ ఈ ఇంట్లో నేనొక్కదాన్నీ గోడలు చూస్తూ కూర్చోవాలని తలుచుకుంటేనే ఏడుపొచ్చింది. ఆ రోజు ఏడ్చింది కొలను కోసమనుకున్నారు మీరు. ఖాళీ అంటే నాకేం భయం లేదు. ఒక్కదాన్నీ ఉండడమే భయం. మీరు లేచి తిరుగుతుంటే, గిన్నెలు పడేస్తుంటే, చెయ్యి కాల్చుకుని నా మీద విసుక్కుంటుంటే, ఇంట్లో మనిషున్నాడని ఎంత బాగుందో తెలుసా?"

ఏం చెప్పమంటారు? ఆవిడ ఇంట్లో ఉండాలని నేను పాఠాలు మొదలుపెడితే, నేను ఇంట్లో ఉండాలని ఆవిడ పాఠాలు నేర్చుకుంది. ఇన్నాళ్ళూ నేను ఇంట్లోనే ఉన్నాననుకున్నాను. కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను గానీ, గడ్డానికి నురగ పెట్టుకుని కోప్పడితే ఎవరికి మాత్రం భయం వేస్తుంది? నవ్వేశాను. ఇద్దరం కలిసి ఇల్లంతా తుడిచాం. దుప్పట్లు మాత్రం బ్రహ్మాండంగా తెల్లబడ్డాయి.

"రేపట్నుంచి ఇద్దరం కలిసి లేద్దాం. టీ కలిసి తాగుదాం. పని చెరి సగం," అని నేనే ఒప్పందం చెప్పాను. సరేనంది.

మర్నాడు చీకటుండగానే నాకు మెలకువ వచ్చేసింది. ఎవరూ లేపలేదు, అలవాటైపోయిందంతే. రెండు కప్పులు టీ పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆవిడ లేవలేదు. వెళ్ళి చూస్తే ఆదమరిచి నిద్రపోతోంది. లేపబోయి, ఎందుకో చెయ్యి రాక వెనక్కి వచ్చేశాను. తెల్లవారింది. పాలవాడు వచ్చి వెళ్ళాడు. వీధిలో బస్సులు మొదలయ్యాయి. నా టీ తాగేశాను, ఆవిడ టీ మీద తరక కట్టింది. మాట్లాడ్డానికి మనిషి లేక పక్కింటాయన కిటికీ వైపు కూడా రెండుసార్లు చూశాను.

తొమ్మిదింటికి కళ్ళు నులుముకుంటూ వచ్చింది.

"మేలుకుని చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నారన్న ధైర్యంతో మొద్దునిద్ర పట్టేసిందండీ," అని కుర్చీలో కూలబడింది. చల్లారిన కప్పు వైపు, నా వైపు చూసింది. "మీరు లేచి ఎంతసేపయింది?"

"ఇప్పుడే," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వింది.

"సెలవు రోజుల్లో మీరు లేచి వచ్చి అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని."

కప్పు తీసుకుని వెళ్ళి టీ మళ్ళీ పెట్టాను, ఈసారి ఇద్దరికీ.